ఏమీ కాదు ఆఫీసు

ఒక పెద్ద అడవిలో తిండికి లోటు లేదు. దిగులుకి అసలే లోటు లేదు.

"దొరా, ఒకవేళ చెట్టు విరిగి నా మీద పడితే?" అని ఒకరు. "దొరా, ఒకవేళ ఏరు ఎండిపోతే?" అని ఇంకొకరు. తెల్లారితే చాలు, సింహం గుహ ముందు చేరిపోయేవాళ్ళు. పాపం సింహానికి కునుకే కరువైంది. విసిగిపోయి నక్కని పిలిచింది.

"వీళ్ళెవరూ నా గుమ్మం తొక్కకూడదు. ఏం చేస్తావో చెయ్."

నక్క మర్నాడే ఒక బండ పక్కన ఆఫీసు తెరిచింది. ఎవరు ఏ దిగులు చెప్పినా, నేరేడుపండు రసంలో పంజా ముంచి టేకాకు మీద ముద్ర వేసి ఇస్తుంది. ముద్ర పడిందంటే ఏమీ కాదని అర్థం. కాకపోతే అది పొద్దుగూకేదాకే పనిచేస్తుంది.

"రేపటి దిగులుకి రేపు రండి. మరి నా ఉద్యోగం ఉండొద్దా?" అనేది నక్క.

ఆ అడవిలో నూకాలు అని ఒక కుందేలు. నిండు చూలాలు, ఇవాళో రేపో కనేలా ఉంది. పుట్టే పిల్లలకి ఒంటిమీద బొచ్చుండదు కదా, వెచ్చగా పడుకోబెట్టాలని మెత్తటి గడ్డి కోసుకొచ్చి ఎండబెట్టింది.

"ఒసే నూకాలూ, మబ్బేసిందే! గడ్డి లోపలికి లాక్కోవే," అన్నాడు తాబేలు తాత.

"ఉండు తాతా, వాన రాదని ముద్ర వేయించుకొస్తా. అప్పుడిక లాక్కునే పనే ఉండదు."

వెళ్ళి చూస్తే వరస చాంతాడంత ఉంది. ముందు ఎలుగుబంటి, దాని ముందు అడవిదున్న.

"నీకేం దిగులు బావా?" అంది ఎలుగుబంటి.

"నాకేం లేదు. దారి అడుగుదామని నిలబడ్డా. వీళ్ళ మాటలు విన్నాక మూడు పుట్టాయి. రేపటికి నా కొమ్ములు ఊడిపోతాయంటావా?"

"ఊడవులే."

"అంత గట్టిగా చెప్తున్నావంటే ఏదో దాస్తున్నావు!"

ఎట్టకేలకి నూకాలు వంతొచ్చింది. ముద్ర పడింది. నాలుగు గెంతులేసి మళ్ళీ వెనక్కొచ్చింది.

"సారూ, ఇందులో మూడు వేళ్ళే పడ్డాయి. పనిచేస్తుందా?"

"చేస్తుందమ్మా."

"అయితే పనిచేస్తుందని ఇంకో ఆకు మీద వెయ్యండి."

వేసింది. నూకాలు మళ్ళీ వెనక్కొచ్చింది.

"సారూ, ఈ రెండోది..."

"పో! పోయి వరస చివర నిలబడు!"

పాపం నిలబడింది. అప్పుడే ఫెళఫెళా ఉరిమి, కుండపోతగా వాన పట్టుకుంది. ఆకుల మీద రసమంతా కారిపోయింది.

"అయ్యో, ముద్ర పోయింది! ఇప్పుడీ వాన వచ్చినట్టా, రానట్టా?" అని అడవిదున్న గోల.

"ఆఫీసు టైం అయిపోయింది!" అని నక్క సింహం గుహలోకి పరిగెత్తింది. వెనకాలే అందరూ.

నూకాలు మాత్రం గడ్డి దగ్గరికి పోయింది. గడ్డేది? ఏట్లో కొట్టుకుపోతోంది. ఏడుద్దామనుకునేలోపు నొప్పులు మొదలయ్యాయి.

తడుస్తూ అదీ గుహలోకే వచ్చింది. లోపల నేలంతా బురద. అందరి ఒంటినిండా నీళ్ళు. మెత్తగా, వెచ్చగా, పొడిగా ఉన్నది ఒక్కటే కనపడింది. గుర్రుపెట్టి నిద్రపోతున్న సింహం జూలు.

'ఒకవేళ' అనుకోవడానికి కూడా టైం లేదు. ఎగిరి అందులో దూరింది.

సింహం కళ్ళు తెరిచేసరికి నెత్తిమీద అయిదు పిల్లలు.

"ఏంటే ఇది?"

"పిల్లలు దొరా," అంది నూకాలు సన్నగా. "వాన రాదని మీ ఆఫీసే చెప్పింది."

సింహం గర్జించబోయింది.

"ఆగండి దొరా!" అన్నాడు తాబేలు తాత. "పసిగుడ్లు, గుండె ఆగి చస్తాయి. కళ్ళు తెరిచేదాకా పదిరోజులు మీరు కదలకూడదు."

సింహం నోరు మూసుకుంది. కాసేపయ్యాక కళ్ళు మాత్రం తిప్పి, మెల్లిగా పిలిచింది.

"ఒరే నక్కా... ఒకవేళ నాకు తుమ్మొస్తే?"

నక్క పొడి ఆకు కోసం వెతుకుతోంది. నూకాలు మాత్రం హాయిగా నిద్రపోయింది.

నీతి: దిగులు పోవాలంటే ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే చాలదు, పోయి పెద్దదొర నెత్తిమీదే కనాలి.