గడ్డకట్టని నీళ్ళు

శనివారం పొద్దున భార్య కృపారాణి తడ దగ్గరి కంపెనీలో షిఫ్టుకు బస్సెక్కగానే, ఇమ్మానుయేల్ బేనీషా మామిడి పండ్లు కోసి ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టాడు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. పెళ్ళయిన కొత్తలో పాండిచ్చేరిలో ఇద్దరూ మామిడి, ఐసు, రమ్ము కలిపి మిక్సీ పట్టిన కాక్‌టెయిల్ ఒకటి తెప్పించుకున్నారు. సగం తాగేసరికి ఊరి బస్సు కదిలింది. గ్లాసు వదిలేసి పరుగెత్తారు. "ఆ సగం ఆడే ఉండిపొయ్యింది కదబ్బా" అని కృపారాణి ఏటా అంటుంది. ఈ ఏడు ఆ మాట వినకూడదనుకున్నాడు.

అడ్డం ఒక్కటే. అతని తల్లి తాయమ్మ, సొంత తమ్ముడి పెళ్ళి విందులో సీసా కనబడిందని అన్నం ముట్టకుండా లేచొచ్చిన మనిషి. అందుకని అతను తెల్ల రమ్మును ఐసు ట్రేలో పోసి, సీసా బయట పారేసి వచ్చాడు. చూడ్డానికి నీళ్ళే. గడ్డకట్టాక మామిడితో కలిపి తిప్పడమే పని. ఇంటి ఫ్రిజ్‌లో రమ్ము గడ్డకట్టదని అతనికి తెలియదు.

మధ్యాహ్నం తాయమ్మ ట్రే బయటికి తీసింది.

"రేయ్ ఇమ్మానూ, ఫ్రిజ్ చెడిపొయ్యిందిరా! పోసిన నీళ్ళు పోసినట్టే ఉండాయి."

"ఇంకాసేపు ఉండనీమ్మా."

"ఉండనిస్తే చేపలు కంపు కొడతాయి. చెంగయ్యను పిలుస్తా."

ఫ్రిజ్ చెడితే లోపలున్నదంతా పక్కింటికి పోవడం ఆ వీధి ఆనవాయితీ. చేపలు, దోసె పిండి, మామిడి ముక్కలు రేష్మా ఇంటికి చేరాయి. ట్రే మాత్రం సాక్ష్యంగా మిగిలింది.

మెకానిక్ చెంగయ్య ఫ్రిజ్ చూశాడు. రేష్మా ఇంటికి పోయి చేపను తట్టి చూశాడు.

"అక్కా, చేప గడ్డకట్టింది. మామిడి గడ్డకట్టింది. నీళ్ళొకటే కట్టలేదంటే తప్పు ఫ్రిజ్‌ది కాదు, నీళ్ళది."

"నేను పారబోస్తాలేమ్మా" అని ఇమ్మానుయేల్ ట్రే అందుకోబోయాడు.

"ముట్టుకోవద్దు. వీధంతా ఇవే నీళ్ళు తాగతా ఉండాం. వీధికి నీళ్ళొదిలే కుప్పయ్య సూడాల" అంది తాయమ్మ.

మాట వీధిలో పడింది. ఆడవాళ్ళు తమ ఐసు ట్రేలు పట్టుకొచ్చారు. అన్నీ గడ్డకట్టే ఉన్నాయి.

"మా నీళ్ళు బాగానే ఉండాయే! మీ కొళాయి ఏం పాపం చేసిందో" అంది రేష్మా. సాక్ష్యంగా చూపించిన ఐసంతా తాయమ్మ ఇంటి బకెట్‌లో పడింది.

కుప్పయ్య వచ్చాడు. ట్రేలోంచి గ్లాసులోకి కాస్త వంపుకుని తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏమప్పా, ఏముండాది అందులో?" అంది తాయమ్మ.

"ఇప్పుడే చెప్పలేనక్కా. ఇంకో శాంపిల్ కావాల."

రెండోది అయ్యాక మూడోదానికి గ్లాసు చాపాడు. తాయమ్మ అతని మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. "చాల్లే పో. మిగిలింది పారబోస్తా" అని ట్రే లాక్కుని వంటింట్లోకి పోయింది. సింకులో నీళ్ళ చప్పుడు వినబడింది. ఇమ్మానుయేల్ గడప మీద కూలబడ్డాడు.

సాయంత్రం కృపారాణి వచ్చాక గుసగుసగా అంతా చెప్పాడు. "ఈసారి సగం గూడా మిగల్లేదు కృపా."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకోసమా ఇదంతా? మామిడి ఉండాది, ఐసుండాది. దాన్నే తాగుదాం రా."

రేష్మా ఇంటి నుంచి ముక్కలు తెచ్చి, ఐసుతో మిక్సీ జారులో వేశారు. అప్పుడు తాయమ్మ స్టీలు గ్లాసుతో వచ్చి, అందులో ఉన్నది జారులో పోసింది.

"ఏంది అత్తా అది?"

"నీళ్ళు. కుప్పయ్య రెండో శాంపిల్ అడిగినప్పుడే తెలిసిపొయ్యింది, ఏం నీళ్ళో." బైబిలు చంకన పెట్టుకుంది. "ఆ సగం మాట ఇన్నేండ్లుగా నేనూ వింటానే ఉండా. ప్రార్థనకు పోతా ఉండా. వచ్చేలోపల జారు కడిగిపెట్టండి."

ఇద్దరూ ఒకే గ్లాసులో తాగారు. ఈసారి ఏమీ మిగల్చలేదు.

మర్నాడు పొద్దున్నే కుప్పయ్య ఖాళీ సీసాతో వచ్చి, ఆ ఇంటి నీళ్ళ మీద తనకింకా అనుమానం తీరలేదన్నాడు.