వాసన వస్తే వాపసు

ఆ సోమవారం దేవి పెట్టుకున్న పనులు రెండే. కాలేజీ వెబ్‌సైటులో ఫోను నంబరు మార్చడం, పదిన్నర బస్సుకి గరివిడి వెళ్లి పెదనాన్న కూతురి నిశ్చితార్థం చూడటం.

ఎచ్చెర్ల దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. ఉద్యోగం తాత్కాలికం. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ గణపతిరావు సంతకం పెడితేనే మరో ఏడాది. 2013 జూన్ సగం గడిచింది, సంతకం పడలేదు.

వెబ్‌సైటులో నలభై ఎనిమిది పేజీలున్నాయి. ప్రతి పేజీ అడుగునా చిరునామా, ఫోను నంబరు ఉండాలి. గణపతిరావుగారేమో చొక్కాలు మార్చినట్టు నంబర్లు మారుస్తారు. మార్చినప్పుడల్లా దేవి నలభై ఎనిమిది పేజీలూ తెరిచి దిద్దేది. కిందటి నెలే ఆ బాధ వదిలించుకుంది. చిరునామా, నంబరు ఒకే ఫైల్లో రాసి, ప్రతి పేజీ చివరా 'ఆ ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టు' అని సర్వర్‌కి ఒక్క లైను ఆజ్ఞ రాసింది. ఇక ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ఒక్కచోట తప్పు రాసినా అంతేనన్న సంగతి అప్పటికి తట్టలేదు.

పది గంటలకు భావనపాడు నుంచి అమ్మ లక్ష్మణమ్మ ఫోను చేసింది. ఆవిడ సముద్రపొడ్డున చేపలమ్ముతుంది.

"ఒసే దేవీ, నా కొట్టుకి బోర్డు రాయించాల. నాను సెప్తాను, నువ్వు కొట్టి ఆ ఫ్లెక్సీ వోడికి పంపించీ."

"బస్సు టైమైపోతన్నాదమ్మా, బేగి సెప్పు."

"'ఈ ఉదయమే పట్టినవి. శుభ్రం చేసి ఇవ్వబడును. వాసన వస్తే వాపసు తీసుకోబడును. లక్ష్మణమ్మ.' కింద నా నంబరు ఎయ్యి."

"సేపలని రాయొద్దా?"

"గంపలు కనబడతాయి కదే! కళ్లున్నోళ్లకి సేపలని సెప్పాలేటి?"

దేవి అది టైపు చేసి, కాపీ చేసి, ఫ్లెక్సీ షాపుకి మెయిలు పంపింది. తర్వాత ప్రిన్సిపాల్ పంపిన కొత్త నంబరు కాపీ చేశాననుకుంది. చెయ్యలేదు. చిరునామా ఫైల్లో ఉన్నదంతా చెరిపి, అమ్మ బోర్డు అతికించి, చూడకుండానే సేవ్ చేసి బస్సుకి పరిగెత్తింది. చీపురుపల్లి చేరకముందే ఆమె ఫోను చచ్చిపోయింది.

మధ్యాహ్నం గణపతిరావుగారు 'ప్రిన్సిపాల్ సందేశం' పేజీ తెరిచారు. అందులో తన ఫొటో చూసుకోవడం ఆయనకి భోజనం తర్వాత వక్కపొడి లాంటిది. సూటు వేసుకున్న ఫొటో కింద ఇలా ఉంది: 'వాసన వస్తే వాపసు తీసుకోబడును.'

కంగారుగా అధ్యాపకుల పేజీ తెరిచారు. ముప్ఫైమంది లెక్చరర్ల గ్రూపు ఫొటో కింద 'ఈ ఉదయమే పట్టినవి' అని ఉంది. వారిలో ఆ వారమే పట్టుకొచ్చిన ఇద్దరి విషయంలో అది దాదాపు నిజం కావడంతో ఆయనకి చెమటలు పట్టాయి.

"యుగంధర్! మన సైటు హ్యాక్ చేసేశారు!"

పదేళ్ల సర్వీసున్న ల్యాబ్ అసిస్టెంటు యుగంధర్ వచ్చి పేజీల ఫైళ్లు తెరిచాడు.

"సార్, తెర మీద ఉన్నాది, ఫైల్లో లేదు."

"లేనిది ఎలా కనబడుతుందయ్యా?"

"వైరస్ అంటే అదే కదా సార్."

ప్రతి ఫైలు చివరా తనెప్పుడూ చూడని లైను ఒకటి కనబడింది. అన్నిటిలోనూ అదే లైను. దొంగ దొరికాడనుకుని యుగంధర్ సాయంత్రం దాకా కూర్చుని నలభై ఎనిమిది పేజీల్లోనూ దాన్ని చెరిపేశాడు. వాసన మాట పోయింది. ఇద్దరూ యుద్ధం గెలిచినట్టు టీ తాగారు.

అయితే అది సీట్ల కోసం తల్లిదండ్రులు తిరిగే కాలం. అప్పటికే చాలామంది పేజీ అడుగునున్న లక్ష్మణమ్మ నంబరు కాలేజీదనుకుని రాసుకున్నారు.

"అమ్మా, గరివిడి నుంచి కూర్మయ్యని, ఫేక్టరీలో పనిసేస్తాను. రేపు ఎన్ని గంటలకి మొదలెడతారు?"

"ఐదుకి బాబూ. బేగి వస్తే మంచివి దొరుకుతాయి. ఎనిమిది దాటితే మిగిలినవే," అంది లక్ష్మణమ్మ.

"మా పాపకి ఏది బాగుంటాదమ్మా?"

"పిల్లకైతే ముళ్లు తక్కువున్నది సూసి ఇస్తాను."

"మరి ఫీజు?"

ఆ మాట లక్ష్మణమ్మకి అర్థం కాలేదు గానీ, ఎవరైనా ఆఖర్న అడిగేది ఒకటే. "ముందు సరుకు సూసుకో బాబూ. మూతెత్తి, తిరగేసి మరీ సూడు. నచ్చితేనే తీసుకో."

కూర్మయ్య అప్పటికి ఆరు కాలేజీలు తిరిగాడు. ఈ మాట ఏ ఒక్కరూ అనలేదు. ఆ సంతోషంలో తన షిఫ్టులో ఉన్నవాళ్లందరికీ చెప్పాడు. వాళ్లు బంధువులకి చెప్పారు.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి కాలేజీ గేటు దగ్గర నలభైమంది నిలబడ్డారు. వాచ్‌మన్ గంగులు ఫోను చేస్తే గణపతిరావుగారు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చారు.

"ఎవరు మిమ్మల్ని రమ్మన్నది?"

"లక్ష్మణమ్మ మేడమ్‌గారు సార్," అన్నాడు కూర్మయ్య. "సరుకు సూసుకోమన్నారు. తాళాలు తియ్యండి."

అంతమంది ముందు తియ్యనంటే బాగుండదు. తీశారు. వాళ్లు మేడమ్ చెప్పినట్టే మూతలెత్తి, తిరగేసి చూశారు. వర్క్‌షాపులో లేత్ మిషను తిరిగింది. కంప్యూటర్ ల్యాబులో ఆరు కంప్యూటర్లు పలకలేదు. వారంలో బాగు చేయిస్తానని గణపతిరావుగారు ఒప్పుకోవలసి వచ్చింది. అలా ఒప్పుకున్న ప్రిన్సిపాల్‌ని కూడా కూర్మయ్య అంతవరకు చూడలేదు.

తొమ్మిదింటికి దేవి వచ్చింది. సైటు తెరిస్తే చిరునామా లేదు, నంబరు లేదు. యుగంధర్ వీరగాథ విన్నాక ఆమెకి జరిగిందంతా అర్థమైంది. నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆమెని కొనసాగించేది, రెండోది సైటు కాపాడలేదని తీసేసేది. రెండోదాని మీద పెన్ను ఉంది.

"తప్పు నాదే సార్. హ్యాకరూ లేడు, వైరసూ లేదు. లక్ష్మణమ్మ మా అమ్మ. చేపలమ్ముతుంది."

గణపతిరావుగారు లేచారు. కిటికీలోంచి చూశారు. మేనేజ్‌మెంటు కోటా అరవై సీట్లకి నిన్నటిదాకా చేరింది పదకొండుమంది. ఇప్పుడు వరండాలో ముప్ఫైనాలుగు మంది దరఖాస్తులు నింపుతున్నారు. ఆయన రెండో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మొదటిదాని మీద సంతకం చేశారు.

"చూడమ్మా దేవీ. యుగంధర్ చెరిపిన లైన్లు మళ్లీ పెట్టెయ్. 'చూసుకుని నచ్చితేనే చేరండి' అని కూడా రాయి. వాసన మాట మాత్రం వద్దు."

దేవి కూర్చుని నలభై ఎనిమిది పేజీలూ ఒక్కొక్కటే తెరిచింది.

సాయంత్రం అమ్మ మళ్లీ ఫోను చేసింది.

"ఏటోనే దేవీ, నిన్నట్నించి ఒకటే ఫోన్లు. అందరికీ ఓపిగ్గా సెప్పినాను. తీరా ఒక్కడైనా సంచీ పట్టుకుని రాలేదు. సదువుకున్నోళ్లు అడగడమే గానీ, కొనరే."