గాజుల వీధి వేలిముద్ర

శృంగవలసలోని గాజుల వీధి ఏటా నవంబరులో మున్సిపల్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, తాను బతికే ఉన్నానని వేలిముద్ర వేసి రావాలి. ముద్ర పడకపోతే దీపాలు తీసేస్తారు. ఆఫీసు ఊరి నడుమ ఉన్నన్నాళ్లూ వీధికి ఇబ్బంది లేకపోయింది. జనమంతా బైపాసు పక్క కాలనీలకు తరలిపోయాక, ఆఫీసూ వాళ్ల వెనకే పోయింది.

అప్పటినుంచి వీధిని బస్సెక్కించి తీసుకెళ్లే పని వరహాలమ్మ మీద పడింది. నలభై ఏళ్లుగా అక్కడే ఊరి ఆడవాళ్లకు గాజులు తొడుగుతున్న మనిషి, దాన్ని ఒంటరిగా ఎలా పంపుతుంది? పందిళ్లూ బోర్డులూ జాగ్రత్తగా మడిచి, కిటికీ పక్కన కూర్చోబెట్టేది. ముసలివాళ్ల సీటు అడిగితే కండక్టరు ఏనాడూ కాదనలేదు. కొత్త షాపింగ్ మాల్ కనబడగానే మాత్రం వీధి షట్టర్లు దించేసుకునేది.

వీధికి వేలిముద్ర అంటే దాని మొదట్లో పరిచిన నాపరాయి. వందేళ్లుగా జనం తొక్కి తొక్కి అది నున్నగా అరిగిపోయింది. మెషిన్ మూడేళ్లుగా దాన్ని గుర్తుపట్టడం లేదు. ఏడాదికి కొన్ని చొప్పున దీపాలన్నీ పోగా, వరహాలమ్మ కొట్టు ముందరిది ఒక్కటే మిగిలింది.

ఈ ఏడూ మెషిన్ ఎర్రగానే వెలిగింది. గుమాస్తా సన్యాసిరావు మంచివాడు. ఆమెకు మంచినీళ్లిచ్చి, వేరే కాగితం తీశాడు.

"మామ్మగారూ, పాత బజార్ల పునరుజ్జీవన పథకం వచ్చిందండి. దీపాలు, కుళాయిలు అన్నీ కొత్తవి వేస్తారు. మరణ ధ్రువీకరణ ఒక్కటీ జత చెయ్యాలి."

"ఎవులిది బాబూ?"

"వీధిదేనండి."

"బతికున్నదాన్ని అట్టుకుని సచ్చిపోయిందంతావేటి!"

"బతికున్నదాన్ని మళ్లీ ఎలా బతికిస్తామండి?" అన్నాడు సన్యాసిరావు ఓపిగ్గా.

వరహాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీద వీధి కునికిపాట్లు పడుతోంది. ఆ ఒక్క దీపమూ పోతే చీకట్లో అది భయపడుతుంది. లేపకుండానే దాని నాపరాయిని చేతుల్లోకి తీసుకుని మెషిన్ మీద ఆనించింది. బతికుందనడానికి మూడేళ్లుగా పడని ముద్ర, చనిపోయిందనడానికి మొదటిసారికే పడింది.

కబురు కాలనీలకు పాకింది. మర్నాడు సాయంత్రానికల్లా వీధిలో ఇసక వేస్తే రాలనంత జనం. "ఎంత మంచి వీధండీ! అప్పుడప్పుడైనా వచ్చి చూడాల్సింది," అని కళ్లొత్తుకున్నారు. పరామర్శకు వచ్చిన చోట గాజులు తొడిగించుకోరు కాబట్టి, కొట్టు వైపు ఎవరూ చూడలేదు.

చాలాకాలానికి తన మీద ఇన్ని అడుగులు పడేసరికి వీధికి మెలకువ వచ్చింది.

"పండగేటే వరాలూ?" అంది సంబరంగా.

"కాదమ్మా," అంది వరహాలమ్మ, కొట్టు ముందరి దీపం వేస్తూ. "అందరూ నిన్ను సూడ్డానికే వొచ్చినారు."