రైమో వదిలించుకున్న పాతది

ఆ శనివారం ఉదయం రైమో లాహ్తినెన్ పెట్టుకున్న పనులు మూడు. కాఫీ తాగడం, కారుకి చలికాలపు వైపర్ బ్లేడ్లు బిగించడం, ఆ కారులో అత్తగారిని చర్చికి తీసుకెళ్లి ఆవిడకి పెళ్లి చేసి రావడం. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అత్తగారి పేరు సైమి. నాలుగేళ్ల కింద మామగారు పోయాక, కెనడాలోని థండర్ బేలో కూతురు ఐలా ఇంటికొచ్చి పై గదిలో స్థిరపడింది. ఆవిడ చేసే యాలకుల రొట్టె ఊరంతా మెచ్చుకునేది. ఆ రొట్టె ఎలా తినాలో మాత్రం అల్లుడికి రోజూ కొత్తగా నేర్పాల్సి వచ్చేది. సౌనాలో, అంటే ఇంట్లోని ఆవిరిస్నానాల గదిలో, కాలిన రాళ్ల మీద నీళ్లు ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో, పోసేటప్పుడు మొహం ఎలా పెట్టాలో కూడా ఆవిడే చెప్పేది. అలాంటి మనిషికి చర్చిలో ప్రార్థన తర్వాత కాఫీల దగ్గర తైస్తోతో స్నేహం కుదిరింది. తైస్తో సరస్సు మీద ఓడల్ని లాగే టగ్గు పడవలు నడిపి రిటైరైనవాడు. భార్య పోయి చాలాకాలమైంది. మంచివాడు. అన్నిటికీ మించి సొంత ఇల్లున్నవాడు. పెళ్లి కబురు విన్నరోజు రైమో మొహం గంభీరంగా పెట్టుకుని గ్యారేజీలోకి వెళ్లి, తలుపేసుకుని, నాలుగు గంతులేసి మళ్లీ గంభీరంగా బయటికొచ్చాడు.

తెల్లవారుతూనే వాన మొదలైంది. మామూలు వాన కాదు, పడ్డచోటే గడ్డకట్టే రకం. "పెళ్లికూతుర్ని ఎక్కించుకుని గుడ్డిగా నడుపుతావా?" అని ఐలా రెండుసార్లు అరిచాక రైమో కొత్త బ్లేడ్ల డబ్బా పట్టుకుని గ్యారేజీలోకి దిగాడు. వాటిని అమ్మింది స్నేహితుడు ఒరెస్ట్, విడిభాగాల కొట్టువాడు. రైమో అతనికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, కారు ముందు నిలబడ్డాడు.

అదే సమయానికి సైమి వంటింట్లోంచి గ్యారేజీ తలుపు దాకా వచ్చింది. తలకి క్లిప్పులు, ఒంటి మీద పెళ్లి గౌను, చేతిలో పళ్లెం. ఆ రోజు ఆవిడ మనసు మెత్తగా ఉంది. అల్లుడికి వేడి రొట్టె ఒక ముక్క ఇచ్చి, ఇన్నాళ్లూ అన్న మాటలకి బదులుగా ఒక మంచి మాట అందామని వచ్చింది. తలుపు ఓరగా తీసి ఉంది.

"మరి పాతదాని సంగతేంటి?" అంటున్నాడు ఫోనులో ఒరెస్ట్.

"దాని సంగతి అడక్కురా బాబూ. ఒళ్లంతా పగుళ్లు. చలి తగిలితే కొయ్యబారిపోతుంది. కాస్త కదిలిస్తే చాలు, కీచుమని ఒకటే గోల."

"నీ దగ్గరికొచ్చి ఎన్నాళ్లయింది?"

"నాలుగు చలికాలాలు భరించాను. ఇంకొకడైతే మొదటి ఏడాదే బయట పారేసేవాడు."

"ఇప్పుడైనా పారేస్తున్నావా?"

"పారెయ్యడమెందుకు? తైస్తో తీసుకుంటానన్నాడు."

"ఆయనేం చేసుకుంటాడు?"

"గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసె ఉందిగా. అక్కడ తలుపు దగ్గర పడేస్తాడట, గాలికి అడ్డంగా ఉంటుందని. ఊరికే వస్తోంది కదా, ఎలా ఉన్నా సర్దుకుంటాలే అన్నాడు."

సైమి పళ్లెం బట్టలుతికే మెషిను మీద పెట్టింది. చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి, నేలమాళిగలో ఉన్న సౌనాలోకి వెళ్లి, తలుపుకి బెంచీ అడ్డం పెట్టుకుని కూర్చుంది.

గ్యారేజీలో ఒరెస్ట్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. "ఇవి చలికాలపు రకం. కీళ్ల మీద రబ్బరు తొడుగుంటుంది కాబట్టి లోపలికి మంచు దూరదు. పొడుగుది డ్రైవరు వైపు, పొట్టిది పక్కకి. తారుమారు చేశావంటే రెండూ కొట్టుకుచస్తాయి. ఇంకో మాట. పాతది ఊడదీశాక, బ్లేడు తగిలించే ఆ ఇనుపకర్రని ఉత్తినే నిలబెట్టకు. కింద కారు అద్దం మీద మందంగా తువ్వాలు పరుచు."

"నువ్వు బ్లేడ్లు అమ్ముకో, బుద్ధులు అమ్మకు," అని రైమో ఫోను పెట్టేశాడు. పాత బ్లేడు ఊడబెరికాడు. కర్రని ఉత్తినే నిలబెట్టాడు.

కింద ఐలా సౌనా తలుపు బాదుతోంది.

"అమ్మా! పెళ్లికి టైమవుతుంటే ఇక్కడేం చేస్తున్నావు?"

"పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. గాలికి అడ్డం పెట్టుకోవడానికి నేనేం గోనెసంచినా?"

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"ఒళ్లంతా పగుళ్లట! పగుళ్లు నాకా, వాళ్ల బుద్ధికా?"

ఐలాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్లిరోజు కదా, నాన్న గుర్తొచ్చి కంగారుపడుతోందనుకుంది. పెళ్లికొడుకు చెబితే వింటుందేమోనని తైస్తోకి ఫోను చేసింది. తైస్తోకి చెవుడు. వినికిడి మిషను కొత్త కోటు జేబులో భద్రంగా ఉంది.

"తైస్తో గారూ, అమ్మ సౌనాలో కూర్చుంది. బయటికి రానంటోంది!"

"సౌనానా? భేష్! పెళ్లికూతురికి సౌనా చేయించాలిగా, మన ఫిన్లాండ్ వాళ్ల పద్ధతే అది. బాగా మరగబెట్టండి!"

"అది కాదండీ, మీతో పెళ్లొద్దంటోంది!"

"ముద్దొస్తోందా? నాకు తెలుసులేమ్మా. ఉండు, నేనే వచ్చేస్తున్నా. మీ ఆయన దగ్గర ఆ పాతది కూడా తీసుకోవాలి," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఐలా మెట్లెక్కి వంటింట్లోంచే కేక పెట్టింది. "రైమో! అమ్మ పెళ్లి వద్దంటోంది!"

నాలుగేళ్లలో రైమోకి ఇంత చేదు వార్త తగల్లేదు. "ఆఁ?" అని గిరుక్కున తిరిగాడు. మోచెయ్యి తగిలింది. ఉత్తి ఇనుపకర్ర ఫట్‌మని అద్దం మీద పడింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, సాలెగూడులా, అద్దం నెర్రెలిచ్చింది.

"అయ్యో! పగిలిపోయింది! మొహమంతా పగిలిపోయింది!" అని రైమో ఘొల్లుమన్నాడు. అన్నది కారు గురించే.

"అమ్మా! రైమో మొహం పగిలిపోయిందిట!" అని ఐలా కిందికి అరిచింది.

సౌనా బెంచీ ఎగిరి అవతల పడింది. ఎంత కోపమున్నా అల్లుడు అల్లుడే. సైమి ఒక చేత్తో గౌను ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో సౌనాలో నీళ్లలో నానుతున్న బర్చ్ చెట్టు కొమ్మల కట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కొమ్మలెందుకు తెచ్చిందో ఆవిడకే తెలీదు. గ్యారేజీలో అల్లుడు నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

"మొహం బాగానే ఉందే!" అంది సైమి, కాస్త నిరాశగానే.

అప్పుడే వాకిట్లోకి తైస్తో పికప్ ట్రక్కు పాక్కుంటూ వచ్చింది. దాని వైపర్లు రెండూ మంచు కట్టి కర్రపెండలం దుంపల్లా ఉన్నాయి. అందుకని ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి దారంతా నడుపుకుంటూ వచ్చాడు. మీసాలకి మంచు వేలాడుతోంది. దిగుతూనే రెండు చేతులూ చాపాడు.

"అబ్బాయ్! ఆ పాతది నాకిస్తానన్నావుగా, ఏదీ? గుడిసె దాకా ఎందుకు, ఇవాళ్టికి దాంతోనే లాగించేస్తా!"

"ఇదిగో పాతది!" అని సైమి బర్చ్ కొమ్మలతో వీపు మీద ఒక్కటిచ్చింది.

తైస్తో మొహం వెలిగిపోయింది. "ఇక్కడే మొదలెట్టేశావా సైమీ! కొట్టు, ఇంకాస్త కిందకి!" అని వంగి నిలబడ్డాడు. సౌనాలో ఒకరినొకరు కొమ్మలతో కొట్టుకోవడం ఆయనకి ప్రేమ కిందే లెక్క.

"గుడిసెలో తలుపు దగ్గర పడేస్తావా నన్ను? ఊరికే వస్తోందని తీసుకున్నావా? ఏరా అల్లుడూ, కీచుమని గోల పెడతానా నేను?"

అప్పటికి గానీ రైమోకి వెలగలేదు. చేతిలో ఉన్న పాత బ్లేడుని పైకెత్తి చూపించాడు. "అత్తయ్యా, పాతదంటే ఇదండీ! ఇదీ!" మాటలు చాలక దాన్ని పగిలిన అద్దం మీదే అటూ ఇటూ రుద్దాడు. అది ప్రాణం పోతున్నట్టు కీచుమంది. అద్దం ఇంకో రెండుచోట్ల నెర్రెలిచ్చింది.

సైమి బ్లేడు లాక్కుని రబ్బరు మీద వేలు రాసి చూసింది. "పగుళ్లు," అంది. కాసేపటికి, "కొయ్యబారింది," అంది. ఐలా నవ్వు ఆపుకోలేక గోడకి తిరిగి నిలబడింది. తైస్తో మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండి, "అయిపోయిందా?" అని అడిగాడు.

సైమి అంతటితో వదలలేదు. "సరే, బ్లేడే. మరి నేను వెళ్లిపోతున్నానని నీకు సంతోషంగా లేదూ? నిజం చెప్పు."

పెళ్లి ఆ ఒక్క జవాబు మీద వేలాడుతోందని రైమోకి తెలుసు. గొంతు సవరించుకున్నాడు.

"సంతోషమా అత్తయ్యా? మీరు లేకపోతే ఇది ఇల్లేనా? పొద్దున్నే మీ చేత నాలుగు మాటలు పడకపోతే నాకు కాఫీ గొంతు దిగదు. మీ అమ్మాయికి తెలీదు, రాత్రిళ్లు తలుచుకుని కుమిలిపోతున్నాను. నా మాట సాగితే మిమ్మల్ని గడప దాటనిచ్చేవాణ్ణా?"

ఐలా నోరు తెరిచి మొగుడి వంక చూసింది. సైమి గౌను అంచుతో కళ్లొత్తుకుంది. తైస్తో వినికిడి మిషను తీసి చెవిలో పెట్టుకుని, "ఏమన్నాడు? మళ్లీ అను," అన్నాడు. రైమో మళ్లీ అన్నాడు. రెండోసారి ఇంకా బాగా కుదిరింది.

కారు కదిలే స్థితిలో లేదు. కొత్త బ్లేడ్లు ట్రక్కుకి పెడితే అదృష్టం కొద్దీ సరిపోయాయి. ఈసారి రైమో ఒకటికి రెండు తువ్వాళ్లు పరిచి, కర్రల మీది మంచు కరిగించి, పొడుగుది డ్రైవరు వైపే బిగించాడు. అద్దం కడిగే డబ్బాలో గడ్డకట్టని నీలం ద్రవం నింపాడు.

"ఒకడు అద్దం పగలగొట్టాడు, ఒకడు తల బయటపెట్టి నడిపాడు. తాళాలు ఇటివ్వండి," అని పెళ్లికూతురే డ్రైవరు సీటెక్కింది. వాన చిటపటమని కొడుతోంది. బ్లేడ్లు చప్పుడు లేకుండా తుడుస్తున్నాయి, దారి కడిగిన పళ్లెంలా కనిపిస్తోంది. వెనక సీట్లో రైమోకి ప్రాణం లేచొచ్చింది. ఇంకో గంటలో అంతా అయిపోతుంది.

ముందు సీట్లోంచి తైస్తో వెనక్కి తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"అబ్బాయ్, నీ మాట నా గుండెకి తగిలింది. ఇంత ప్రేమున్న అల్లుడి దగ్గర్నుంచి అత్తని విడదీసి నేనేం బాగుపడతాను? నువ్వు బ్లేడ్లు బిగిస్తుంటే సైమీ నేనూ అనుకున్నాం. నా ఇల్లు అద్దెకిచ్చేస్తాను. మేమిద్దరం మీ పై గదిలోనే ఉంటాం."

"గది ఇరుకే," అంది సైమి, వెనక చూసే అద్దంలో రైమోని చూస్తూ. "పక్కగది కూడా కలుపుకుంటే సరిపోతుంది. మా అల్లుడు కాదంటాడా ఏంటి?"

రైమో నోరు తెరిచాడు. ఐలా అతని చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ నొక్కడంలో జాలి ఉందో, ఇంకా నవ్వే ఉందో తెలుసుకునే ఓపిక అతనికి లేదు.

"కాదంటానా," అన్నాడు.

పెళ్లి సమయానికే జరిగింది. మొదటి వరసలో కూర్చుని ఆపకుండా కన్నీళ్లు తుడుచుకుంటున్న రైమోని చూసి, ఇంత మెత్తని మనసున్న అల్లుణ్ణి తన జీవితంలో చూడలేదని పాస్టరుగారు అన్నారు.