డైరెక్టరుగారు రానిదే ఫోల్డరు తగలదు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మా కార్యాలయంలో కంప్యూటర్లకు పెద్దల పట్ల మర్యాద నేర్పే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది.

మాది ఇళ్ల ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసు. ప్లాన్లన్నీ సర్వర్లో ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉంటాయి. సర్వరుకు చల్లదనం కావాలన్నారు. ఏసీ ఉన్నది ఒక్క డైరెక్టరుగారి గదిలోనే కాబట్టి అది ఆయన కుర్చీ పక్కనే కొలువుదీరింది. సాయంత్రం వెళ్తూ ఆ మహానుభావుడు లైటుతోపాటు సర్వరునూ ఆర్పేసి, గదికి తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకుంటారు. మర్నాడు ఆయన తీరిగ్గా విచ్చేసి మీట నొక్కాక, మా ఇంజనీరమ్మ బల్లబల్లకూ తిరిగి ఒక్కో లినక్స్ కంప్యూటరుకూ ఆ ఫోల్డరును, అందులో కనబడేలా, చేత్తో తగిలించేది. అంతదాకా మేం కంప్యూటర్లు ముట్టకుండా, జనానికి "సర్వరు రాలేదండీ" అని చెప్పేవాళ్లం. అది అబద్ధమేమీ కాదు.

ఇంజనీరమ్మ ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. ఉద్యోగం ఖాయం చేసే సంతకం డైరెక్టరుగారిది. మొగుడి ఫ్యాక్టరీ మూతపడి, ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది. అలాంటి మనిషి నోరు మూసుకుని కూర్చోవాలా, వద్దా? కూర్చోలేదు. కంప్యూటరు లేస్తూనే చదువుకునే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ఒక్క లైను రాసేసింది. ఇక ఫోల్డరు దానంతటదే తగులుకుంటుంది. పైగా అందులో ఓ షరతు: సర్వరు లేకపోతే ఆగకు, లేచి మిగతా పని చూసుకో, అది వచ్చాక తగిలించుకుందువుగాని.

మర్నాడు డైరెక్టరుగారు వచ్చేసరికి ఆఫీసు పనిచేస్తోంది. ఫోల్డరుతో నిమిత్తంలేని ఉత్తరాలూ రసీదులూ చకచకా నడిచిపోతున్నాయి. ఆ ఘోరం కళ్లారా చూసి, అందర్నీ అత్యవసరంగా సమావేశపరిచారు.

"పైవాడు రాకముందే కిందివాడు పని మొదలెట్టెయ్యడం ఎక్కడన్నా ఉందా అమ్మా? 'లేకపోతే ఆగకు' అంటే ఏంటి అర్థం? నేను లేకపోయినా పర్లేదనేగా?"

అది సర్వరు గురించండీ, అందామె. ఆ సర్వరెక్కడుంది, నా గదిలో కాదూ, అన్నారాయన. అంత గట్టి తర్కానికి మేమంతా తలలూపాం. నేను కాస్త ఎక్కువే ఊపాను.

ఆ షరతు పీకేసి, సర్వరు వచ్చేదాకా ఎంతసేపైనా సరే ఆగి ఉండమని రాయవలసిందిగా ఉత్తర్వయింది. అలా రాస్తే సర్వరు లేనిరోజు లాగిన్ కూడా రాదండీ, అని పాపం చెప్పి చూసింది. నీ ప్రొబేషన్ సంగతి నా చేతుల్లోనే ఉంది కదమ్మా, అని ఆయన ఆప్యాయంగా గుర్తుచేశారు. రాసేసింది. ఆనాటి నుంచీ కంప్యూటర్లు కూడా మాలాగే, నల్లమొహాలు వేసుకుని ఆయన రాకకోసం కాచుక్కూర్చోవడం నేర్చుకున్నాయి.

ఇంతలో డైరెక్టరుగారికి పన్నునొప్పి వచ్చి సెలవు పెట్టారు. తాళంచెవి కూడా ఆయనతోపాటే విశ్రాంతి తీసుకుంది. ఆ సెలవు పొడుగునా ఒక్క కంప్యూటరు లేస్తే ఒట్టు. పైకప్పు కూలిన ఓ పెద్దాయన అనుమతి కోసం వచ్చి, కాసేపు అరిచి, చివరికి మాతోపాటే ఆ నల్లతెర ముందు కూర్చున్నాడు. ఇంటికెళ్లినా తడవడమేగా, అన్నాడు.

పై అధికారులు నిష్పాక్షికంగా విచారణ జరిపించారు. డైరెక్టరుగారు లేనిదే ఈ కార్యాలయం క్షణమైనా నడవదని నిస్సందేహంగా రుజువైనట్టు తేల్చారు. అంతటి మనిషిని ఊరికే వదిలేస్తారా? సన్మానం పెట్టారు.

వాచిన దవడతోనే ఆయన వినయం గురించి సుదీర్ఘంగా ప్రసంగించి, అందరి ఎదుటా ఇంజనీరమ్మ ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టారు. "ఇప్పటికైనా అర్థమైందా అమ్మా?" అనడిగారు.

"అయిందండీ. మీరొచ్చేదాకా ఆగమని కంప్యూటర్లకే కొత్తగా రాస్తున్నామనుకున్నా. మనుషులకు ఎప్పుడో రాసేసి ఉంచారని నాకు తెలీలేదు."

ఆయన దాన్ని పొగడ్త కింద జమకట్టుకున్నారు. చప్పట్లు మోగాయి. సభ ముగిసింది. కానీ ఆయన కుర్చీలోంచి లేవలేదు. కాబట్టి మేమూ లేవలేదు, ఇంకా అనుమతికోసమే కాచుకునున్న, పైకప్పు లేని ఆ పెద్దాయనతో సహా.

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, తప్పులేదు. మీ పైవాడు గదిలో లేడని ఒకసారి తలతిప్పి చూసుకున్నారుగా.