కాణిపాకంలో మూడు చక్రాల బండి

నగరి నేతగాడు కోదండం ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. చిత్తూరుకు బస్సులో పోవడం, అక్కడి చెంగల్రాయుడి పాత మూడు చక్రాల మోటారు సైకిలు కొనడం, భార్య వనజాక్షిని దాని పక్కన బిగించిన తొట్టిలో కూర్చోబెట్టుకుని ఇంటికి రావడం. బస్సెక్కితే వనజాక్షికి కడుపులో తిప్పుతుంది. అందుకే పుట్టింటి మొహం చూసి రెండేళ్లయింది. ఆ తొట్టి మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు; ఆ ఆశతోనే ఆ పొద్దున ఓర్చుకుని బస్సెక్కింది.

బండి బాగానే ఉంది. కోదండానికే మనుషుల మీద నమ్మకం లేదు.

"బాగుండాదని నువ్వంటే సాలదప్పా. కాణిపాకంలో సామి ముందర ప్రమాణం సెయ్యి, తీసుకుంటా."

"పదప్పా, నాకేం బయం?" అన్నాడు చెంగల్రాయుడు.

"బాగుండాది గదా, కొనేయరాదా?" అని గొణిగింది వనజాక్షి.

"నీకు తెలీదు, ఉండుమే!"

ముగ్గురూ ఆ బండిలోనే కాణిపాకం చేరారు. దారి పొడుగునా వనజాక్షికి కడుపులో తిప్పనే లేదు. అక్కడ అబద్ధమాడితే వినాయకుడు ఊరుకోడని జిల్లా అంతా భయం. స్నానం చేసి తడిబట్టలతో ప్రమాణం చెయ్యాలి. చెంగల్రాయుడు కోనేట్లో మునగడానికి వెళ్తే, సరిగ్గా మునిగాడో లేదో చూడాలని కోదండం కూడా వెనకాలే నీళ్లలోకి దిగాడు.

ఇంతలో బండి దగ్గర ఉన్న వనజాక్షిని చూసి ఒక పూజారి వచ్చి, కొత్తగా కొన్న బండికి పూజ అనుకున్నాడు. పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "ఎవరి పేరు మీదమ్మా?" అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచి వనజాక్షి మొగుడి పేరు పైకి పలికి ఎరగదు. "అదో, వస్తా ఉండారు. ఆయన్నే అడగండి సామీ" అని చెయ్యి చూపింది. ముందు వస్తున్నవాడు చెంగల్రాయుడు. పూజారి అడిగాడు, అతను పేరూ గోత్రమూ చెప్పాడు. కాదనాలంటే మొగుడి పేరు చెప్పాలి కాబట్టి వనజాక్షి నోరు మెదపలేదు. కోదండం పంచె పిండుకుని వచ్చేసరికి కొబ్బరికాయ కూడా పగిలింది.

దండతో నిలబడ్డ తన బండిని చెంగల్రాయుడు అలా చూస్తూ ఉండిపోయాడు. కొన్ననాడు కూడా దానికి ఇంత ముచ్చట జరగలేదు.

లోపల, ప్రమాణానికి గుర్తుగా వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పి, అతను ఉన్నమాటే చెప్పాడు. "సామీ, ఇది ఒక్క దినం గూడా నన్ను దారిలో నిలబెట్టలా. నా బిడ్డను కాన్పుకు ఆసుపత్రికి తీసకపోయింది దీంట్లోనే. ఏ లోపమూ లేదు." చెప్తూ చెప్తూనే బయట ఉన్న బండి వైపు తిరిగి చూశాడు.

"సాలప్పా, నమ్మినాను. తాళం ఇయ్యి" అన్నాడు కోదండం.

"ఇంత మంచి బండిని ఎట్ల అమ్మేదప్పా? సామే నా పేరు మింద పూజ సేయించినాడు. నేనియ్యను."

"ప్రమాణం సేసినావు గదా!"

"లోపం లేదని సేసినాను. అమ్ముతానని సెయ్యలా."

 చెంగల్రాయుడు దండతో సహా బండి తోలుకుని వెళ్లిపోయాడు. ఖాళీ తొట్టి మలుపు తిరిగేదాకా చూసి, వనజాక్షి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె మొట్టమొదటిసారి మొగుడి పేరు పైకి పలికింది, తిట్టడానికి. నగరి వచ్చేదాకా ఆపలేదు.