స్కోపున్న బ్రాంచి

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ ఉండేది. అందులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివేవాళ్ళు ఆఖరి ఏడాది ఆర్గానిక్కో, ఫిజికలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఆర్గానిక్‌కి పెద్ద ల్యాబు కావాలి. ఆ ల్యాబులో ప్రిన్సిపాల్ నక్కగారు కోళ్ళు పెంచుకుంటున్నారు. ఫిజికల్‌కైతే సుద్దముక్క చాలునని ఆయన ఉద్దేశం.

అందుకని గొర్రెల చెవిలో ఊదారు: "ఫిజికల్‌కి మంచి స్కోపుంది. సీట్లు అయిపోతున్నాయి. ఎవరికీ చెప్పకండేం!"

దేనికి స్కోపని ఒక్క గొర్రె అడిగితే ఒట్టు. పొద్దెక్కేసరికి అడవంతా ఫిజికల్ క్యూలో ఉంది.

పునుగుపిల్లిగారి అమ్మాయి పరిమళకు మాత్రం ఆర్గానిక్ అంటే ప్రాణం. కళ్ళు మూసుకుని వాసన మీదే పువ్వు పేరు చెప్పగలదు. అత్తరు చేయడం నేర్చుకోవాలని దాని చిన్నప్పటి ఆశ.

"నాన్నా, నేను ఆర్గానిక్ తీసుకుంటా."

"నోర్ముయ్యవే! ఇన్ని గొర్రెలూ పిచ్చివా? పద, ఫిజికల్లో చేర్పిస్తా," అన్నాడు తండ్రి భూషణం.

పరిమళకు ఏడుపొచ్చింది. అయినా తండ్రి వెంట నడిచింది.

భూషణానికో అలవాటుంది. దారిలో కనబడ్డవాళ్ళందరినీ ఒక మాట అడగందే ఏ పనీ చేయడు. ఏనుగుగారు "ఫిజికలే" అన్నారు. కొంగ "ఫిజికలే" అంది. దున్నపోతు కాసేపు నెమరేసి "ఫిజికలే" అంది. ఇంకొకరిని అడిగితే పోయేదేముందని భూషణం ఆగుతూనే ఉన్నాడు.

కాలేజీకి చేరేసరికి ఫిజికల్ సీట్లు అయిపోయాయి.

"ఆర్గానిక్ ఖాళీగా ఉంది. చేరమంటారా?" అంది గుమస్తా ఉడత.

నక్కగారు గదిలోంచి ఉరికొచ్చారు. "వద్దొద్దు! ఫిజికల్లోనే ఎక్కడో ఒకచోట సర్దెయ్!"

"ఎక్కడండీ? గొర్రెలు కిటికీల్లో కూడా కూర్చున్నాయి!"

చేసేదిలేక భూషణం కూతుర్ని ఆర్గానిక్‌లోనే చేర్పించాడు. ఒక్కరు చేరినా ల్యాబు తెరవాలని రూలు. తలుపు తీయగానే కోళ్ళు గోలగోలగా అడవిలోకి పరుగెత్తాయి. వాటి వెనకే నక్కగారూ పరుగెత్తారు. పరిమళ రెట్టలన్నీ కడిగి, స్టవ్ వెలిగించింది. దాని సంతోషానికి హద్దు లేదు.

సాయంత్రానికల్లా భూషణం అడవంతా తిరిగి, "మా అమ్మాయి ఒక్కదానికే ల్యాబంతా ఇచ్చేశారండీ. ఆర్గానిక్ తీసుకోమని పట్టుబట్టింది నేనే!" అని చెప్పుకున్నాడు. మర్నాడు గొర్రెలన్నీ బ్రాంచి మార్చమని క్యూ కట్టాయి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన నీతి: పిల్లలకు నచ్చిన చదువు దొరకాలంటే పదిమందినీ సలహా అడగండి, ఆలస్యమయ్యేదాకా.